గ్రాఫులో ఆదివారం గుట్ట

మా ఇంట్లో కాలేజీకి వెళ్లింది నేనే మొదలు. పట్టా చేతికొచ్చిన వేసవిలోనే అనంతపురంలో ఉద్యోగం కూడా వచ్చింది. గుండె బలహీనపడిన రోగులు రోజంతా ఎంత కదులుతున్నారు, ఎంతసేపు పడుకుంటున్నారు అని కొలిచే పరిశోధన అది. రోగి చేతికి గడియారం లాంటి పట్టీ కడతాం. అందులోని సెన్సరు ప్రతి కదలికనూ పట్టుకుంటుంది. వారానికోసారి ఊళ్లకు వెళ్లి ఆ వివరాలు దించుకుని, పట్టీకి చార్జింగ్ పెట్టి రావడం మా పని. మెడలో బ్యాడ్జి వేసుకున్న మొదటి రోజు, అడగకపోయినా ఆటో డ్రైవరుకు నా ఉద్యోగం సంగతంతా చెప్పేశాను.

మా అమ్మదీ అదే జబ్బు. ఆమె గుండె రక్తాన్ని గట్టిగా తోయలేదు. కాళ్లు వాస్తాయి, నాలుగడుగులకే ఆయాసం వస్తుంది. కదిరి దగ్గర మా పల్లెలో నాయనతో ఉంటుంది. మా పరిశోధన నడిపే డాక్టరుగారు ఆమెనూ అందులో చేర్చుకున్నప్పుడు ఎగిరి గంతేశాను. పట్టీ నేనే కట్టాలనుకున్నాను. కానీ సొంతవాళ్లను మేం చూడకూడదట. వాళ్ల వివరాలు మాకు చెప్పకూడదట. నాతో పనిచేసే అమ్మాయికి మా ఊరు అప్పగించారు.

అక్కడ మొదలైంది నా కడుపుమంట.

మొదటి వారం ఆ అమ్మాయి మా అమ్మను ఆంటీ అంది. మరుసటి వారానికి పెద్దమ్మ అయిపోయింది. మా మిద్దె మీద ఎండిన చెనిక్కాయలు స్కూటీలో తెచ్చి ఆఫీసులో అందరికీ పంచింది. నాకూ ఒక గుప్పెడు పెట్టింది! పైగా మా వంటింట్లోకి వెళ్లి టీ పెట్టి, అమ్మకిచ్చి, తనూ తాగి వస్తుందట. నేను వెళితే అమ్మ నన్ను పొయ్యి దగ్గరికే రానివ్వదు.

"మీ ఇంట్లో టీపొడి అయిపొయ్యింది, చూసుకో," అంది ఒకసారి.

"టీపొడి సంగతి ఇడ్సిపెట్టు. మా అమ్మ ఎట్లుండాది?"

"చెప్పకూడదు కదమ్మీ."

"నడుస్తాందా లేదా, అదొక్కటి చెప్పు."

"ఆమెనే అడుగు పో."

ప్రతి ఆదివారం వెళ్లి అడిగేదాన్ని. నేను బస్సు దిగేసరికే అమ్మ వాకిలి ఊడ్చి నీళ్లు చల్లి ఉండేది. పొద్దున బొరుగుల ఉగ్గాని, మధ్యాహ్నం సంగటి, ఊరిబిండి పచ్చడి. మధ్యలో నా బట్టలు ఉతికేది. కూర్చోమంటే వినేది కాదు. "నాకేమైండాది? గుండ్రాయి మాదిరి ఉండా," అనేది. మా అమ్మ మిగతా రోగుల్లాంటిది కాదని నాకు గర్వంగా ఉండేది.

ఒక మీటింగులో డాక్టరుగారు గోడ మీద గ్రాఫులు వేసి చూపించారు. పేర్లు ఉండవు, నంబర్లే. వాటిలో ఒకటి వింతగా ఉంది. వారమంతా చేను లాగా చదునుగా ఉంది. ఆదివారం మాత్రం గుట్ట. సోమవారం మళ్లీ కిందికి, మామూలు కన్నా దిగువకు. వారం వారం అదే వరస.

"ఆదివారం ఈమె ఏం చేస్తున్నట్టు?" అన్నారు.

నేనే ముందు చెయ్యెత్తాను. "క్రిస్టియన్ అయ్యుంటారు సార్. చర్చికి పోతారు."

"మంచి ఊహే. కనుక్కోండి. ఒక్కరోజులో ఇంత శ్రమ ఆ గుండె తట్టుకోలేదు."

నేను మెరిసిపోతున్నాను. ఆ అమ్మాయి మాత్రం తల వంచుకుని పెన్ను మూత తీస్తూ, పెడుతూ ఉంది. నన్ను మెచ్చుకున్నారని కుళ్లుకుంటోంది అనుకున్నాను.

ఆ వారమే అమ్మ ఫోన్ చేసింది. మామూలుగా నేనే చేస్తాను.

"పాపా, నీకొక మాట చెప్పల్ల. నేను చెప్పకూడదు, నువ్వే చెప్పుకో అనింది ఆయమ్మి."

"ఏం మాట మా?"

"నువ్వు వచ్చే దినం తప్ప నేను లేసేది లేదు. వారమంతా మంచం మీందనే. మీ నాయనే సంగటి కెలుకుతాండాడు. నువ్వు పోయిన మర్నాడు ఇంగ కాలు కింద పెట్టేకి గూడా కాదు."

గుట్ట మా అమ్మది. చర్చి అని చెయ్యెత్తింది నేను. భయం వేయాలి కదా, ముందు కుళ్లే వచ్చింది.

"ఆయమ్మి ముందర పండుకుంటాండావు, నా ముందర ఏమడ్డం?"

"ఆయమ్మి చూస్తాది, రాసుకుంటాది, పోతాది. నువ్వైతే ఉద్యోగం ఇడ్సిపెట్టి వచ్చి నా మంచం కాడ కూసుంటావు. మన ఇంట్లో ఇంతవరకు ఆఫీసుకు పోయినోళ్లు ఎవురు మే?"

"ఇడ్సను మా."

"ఒట్టేయి."

"ఒట్టు. నువ్వు పండుకో. వంట నేను చేస్తా."

"నీకు వంట యాడొస్తాది!" అని నవ్వింది, ఆయాసపడుతూనే.

మరుసటి ఆదివారం వెళ్లేసరికి వాకిలి ఊడ్చి లేదు. అమ్మ మంచం మీదే ఉంది. నన్ను చూసి లేవబోయి, మానుకుంది.

"వచ్చినావా? టీ పెట్టు. నాకు సక్కెర తక్కువెయ్యి."

ఆ మాట వినగానే ఊరంతా తిరిగి చెప్పాలనిపించింది. నేను చేసిన ఉగ్గాని ముద్దయింది. "బొరుగులు అంతసేపు నానేస్తారా ఎవురన్నా?" అని పడుకునే తిట్టింది. డాక్టరుగారు మందు మార్చి, రోజూ కొంచెం మాత్రమే నడవమన్నారట. చల్లబడ్డాక వీధి మలుపు దాకా తీసుకెళ్లాను. దారిలో ఆయాసం దాచుకోకుండా ఆగి, నా భుజం పట్టుకుంది.

తిరుగు బస్సెక్కాక గుర్తొచ్చింది. ఈరోజు అమ్మ పడుకుందని పట్టీ చూసి ఆ అమ్మాయికి ఎలాగూ తెలిసిపోతుంది. ఈ ఒక్కటైనా నేనే ముందు చెప్పాలని ఫోన్ చేశాను.

"మ్మీ, మా అమ్మ ఈ పొద్దు నా ముందర పండుకునింది!"

"తెలుసులే. ఈ పొద్దు లేసేది లేదని పొద్దున్నే ఫోన్ చేసి చెప్పింది పెద్దమ్మ. మధ్యాన్నం మళ్లా చేసింది. ఉగ్గాని ముద్దయిందంట కదా?"

బత్తలపల్లి దాకా ఆమెను తిట్టుకుంటూనే కూర్చున్నాను. పక్క సీటులో ఉన్న ముసలామె నా మొహంలోకి వంగి చూసింది.

"ఏం పాపా, ఒగదానివే నగుతాండావు?"