ఒక్క విజిల్‌కు ఆగిపోయిన సెక్షన్

కోలారు బంగారు గనులు సర్కారు చేతికి వచ్చిన తరువాతి రోజులు. మా కాలేజీ ఎన్.సి.సి. కేడెట్లలో ఒక్కడి పేరే సైన్యంలో ఆఫీసరు ఇంటర్వ్యూకు పంపుతారు. ఆ పేరు నాది కావాలని మూడేళ్ళ ఆదివారాలన్నీ బూట్లలోనే గడిపాను.

చివరి పరీక్ష సైనైడ్ గుట్ట మీద పెట్టారు. బంగారం తీసేశాక మిల్లు పారబోసిన బూడిదరంగు ఇసుక, కొండంత ఉంటుంది. ఎనిమిదేసి మంది ఉన్న రెండు సెక్షన్లు కట్టె తుపాకులతో వంగి నిదానంగా ఎక్కాలి. మాకు డ్రిల్లు నేర్పే హవల్దారు ఒక్క విజిల్ ఊదగానే పరుగెత్తి పైనున్న ఎర్రజెండా అందుకోవాలి. కోలారు ఊరి పిల్లలది ఒక సెక్షన్, గని క్వార్టర్ల పిల్లలం మాది ఇంకొకటి. మా ఎనిమిది మందికీ నేను నాయకుణ్ణి.

సగం ఎక్కేసరికి వాళ్ళకన్నా పదడుగులు ముందున్నాం. విజిల్ మోగింది.

ఎనిమిది మందీ ఉన్నచోటే ఆగిపోయాం. నేను కూడా.

గనిలోకి మనుషులను దింపే ఇనుప బోనును కేజీ అంటాం, దానికి గంటే భాష. కదిలే కేజీకి ఒక్క గంట కొడితే ఆగమని అర్థం. క్వార్టర్ల సందుల్లో మేమాడిన కేజీ ఆటలోనూ ఒక్క గంటకు కదిలినవాడు ఔటు. ఆ బుద్ధి కాళ్ళలో ఉందని మాకే తెలియదు.

పైనుంచి కోలారు నాయకుడు జెండా ఊపుతూ అడిగాడు: "ఏమప్పా, కేజీ ఇంగా రాలేదా?"

హవల్దారు మాట అంతకన్నా లోతుగా దిగింది. "నాయకుడంట. పోయి మీ నాయన మాదిరి గని టైమాఫీసులో హాజరు రిజిస్టర్ రాసుకో పో."

ఆ సాయంత్రమే అర్జీ రాసి మా కేడెట్ ఆఫీసరుకు ఇచ్చాను. ఆయన మాకు కెమిస్ట్రీ లెక్చరర్.

"ఈ నెలలో మూడో అర్జీ గదప్పా నీది?"

"నాలుగోది సార్."

"ఇప్పుడు విజిల్ మార్చమంటావా?"

"వద్దు సార్. ఇంగోతూరి ఊదమనండి, చాలు."

"సరే, వచ్చే ఆదివారం. ఓడితే ఐదో అర్జీ రాయకూడదు."

వారమంతా సాయంత్రాలు మైదానంలో నేనే విజిల్ ఊదాను. ఊదినప్పుడల్లా ఇద్దరో ముగ్గురో నిలబడిపోయేవాళ్ళు. "కాళ్ళు మాట ఇనవురా," అన్నాడు మాలో ఒకడు, కేజీ గంట కొట్టే ఆయన కొడుకు. శుక్రవారం చెప్పాను: "విజిల్ వదిలేయండి. నా వీపు చూడండి. నేను దూకితే దూకండి." ఇంక మార్చుకోవలసినవి నా కాళ్ళే. శనివారమంతా మా పెరట్లో ఊదుకుంటూ దూకుతూనే ఉన్నాను. అమ్మ విజిల్ లాక్కుందామని చూసింది గానీ నేనివ్వలేదు.

ఆదివారం విజిల్ మోగింది. ఒక్క క్షణం మోకాలు బిగిసింది. తిట్టుకుని దూకాను. వెనక ఏడు జతల బూట్లు ఒక్కసారే లేచాయి. కాళ్ళకింద ఇసుక జారుతోంది, చేతులతో పాకుతున్నాను, పక్కన కోలారు నాయకుడి ఆయాసం వినబడుతోంది. జెండా కర్ర నా చేతికే తగిలింది. అంత గట్టిగా నేనెప్పుడూ అరవలేదు.

హవల్దారు అన్న మాట వెనక్కి తీసుకోలేదు. అది ఇంకా ఆయన బాకీయే.

మరుసటి రోజు లెక్చరర్ ఇంటర్వ్యూకు నా పేరు రాసి, కవరు పక్కన పెట్టి, తరువాత పంపుతానన్నాడు. నేను కదలలేదు. ఆయన నవ్వి, జిగురు రాసి అంటించాడు. ఆ కవరు తీసుకుని పోస్టాఫీసు దాకా పరుగెత్తాను.