నూటికి ఒక్కరు

నేను బట్టలు కుడతాను. ప్యాంటు కాళ్లు ఒకప్పుడు వెడల్పుగా ఉండేవి, తర్వాత సన్నబడ్డాయి, ఇప్పుడు మళ్లీ వెడల్పయ్యాయి. నా చేతినుంచి పోయిన పని కాస్త ఓపిక పడితే తిరిగి నా గుమ్మంలోకే వస్తుంది. మా ఆయన పని అలాంటిది కాదు. పోయిందంటే పోయినట్టే.

ఆయన ఉద్యోగం ఒక చిన్న బస్సుల కంపెనీలో, వాళ్ల వెబ్‌సైటు చూసుకోవడం. మా పెళ్లయిన కొత్తలో మాకు తెలిసిన వాళ్లందరి కంప్యూటర్లలోనూ, ఇంటర్నెట్ చూడ్డానికి ఒకే బ్రౌజర్ ఉండేది. దాన్ని తయారుచేసిన కంపెనీని అందరూ నెత్తిన పెట్టుకున్నారు. ఆ బ్రౌజర్‌కి మాత్రం మహా పెంకితనం. ఎడమవైపు ఉండమన్న బొమ్మ కిందికి జారిపోయేది, మధ్యలో పెట్టిన అక్షరాలు అంచుకి పోయి కూర్చునేవి. దాన్ని దారికి తేవడం ఆ ఆఫీసులో మా ఆయన ఒక్కరికే వచ్చు. మేనేజర్ తన గదిలోంచి లేచి ఈయన కుర్చీ దగ్గరికి వచ్చి నిలబడేవాడు. "మీరు లేకపోతే మా బస్సులు కదలవండీ" అనేవాడట. ఈయన ఇంటికొచ్చి ఆ మాట నాకు రెండుసార్లు చెప్పేవారు, మొదటిసారి నేను వినలేదేమో అన్నట్టు.

తర్వాత గాలి తిరిగింది. ఇంకో కంపెనీ ఇంకో బ్రౌజర్ తెచ్చింది, దాని వెనకే మరొకటి. అవి చెప్పినమాట వినే రకం. పాతది వాడేవాళ్లు తగ్గిపోయారు. ఆ కంపెనీని పొగిడిన నోళ్లే దాని పేరు చెబితే నవ్వడం మొదలుపెట్టాయి. ఆ మేనేజరే కొత్త కంపెనీ బొమ్మ ఉన్న చొక్కా వేసుకుని ఆఫీసుకు వచ్చాడు. చొక్కా మార్చినంత తేలిగ్గా మనుషుల్ని కూడా మార్చేయొచ్చని అప్పటికి మాకు తెలియదు.

ఆఫీసులో మా ఆయనకు 'మ్యూజియం' అని పేరు పెట్టారు. నలభై ఆరేళ్ల మనిషి. ఆయన కుర్చీని కిటికీ దగ్గర్నుంచి తీసి ప్రింటర్ పక్కన వేశారు. ఎవరు కాగితాలు తీసుకోవడానికి వచ్చినా ఈయన లేచి పక్కకు జరగాలి.

"కొత్తవి నేర్చుకోవచ్చు కదండీ" అన్నాను ఒకరోజు.

"నేర్చుకున్నాను. కానీ అవి అందరికీ వచ్చు. నేనెందుకు వాళ్లకి?" అన్నారు.

చిరాకేసి మిషన్ తొక్కుతూ కూర్చున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు మేనేజర్ పిలిచి చెప్పాడు. సైటుకి వచ్చేవాళ్లలో ఎవరు ఏ బ్రౌజర్‌తో వస్తున్నారో లెక్క తెలుస్తూనే ఉంటుంది. పాతదానితో వచ్చేవాళ్లు నూటికి ఒక్కరికంటే తగ్గిన రోజున దాని సంగతి వదిలేస్తాం, దాంతోపాటు ఈ సీటు కూడా ఉండదు, అని. ఆ చెప్పడం కూడా టీ తాగుతూ, కప్పు కింద పెట్టకుండానే చెప్పాడట. ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషిని కూరలో కరివేపాకులా తీసి పక్కన పెట్టడానికి అంతకంటే మర్యాద ఎందుకనుకున్నాడో ఏమో.

ఆ వారం నుంచి మా ఆయనకు బంధుప్రేమ పొంగుకొచ్చింది. ఏళ్ల తరబడి గడప తొక్కని ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టారు. మా పెదనాన్నగారింటికి వెళ్లారు, మా తోటికోడలి పుట్టింటికి వెళ్లారు. వెళ్లగానే మంచినీళ్లు కూడా తాగకుండా "మీ కంప్యూటర్ ఎక్కడ?" అని అడిగేవారు. పాతది ఉంటే మొహం విప్పారేది. దాని ముందు కూర్చుని, బ్రౌజర్ తెరవగానే బస్సుల సైటే వచ్చేలా పెట్టేవారు. "అప్‌గ్రేడ్ చెయ్యమని అడుగుతుంది. వద్దు అని నొక్కండి. కొత్తది పెడితే మిషన్ మొరాయిస్తుంది" అని చిలక్కి చెప్పినట్టు చెప్పి వచ్చేవారు. మా పెదనాన్న నాకు ఫోన్ చేసి "అల్లుడుగారు బాగానే ఉన్నారా అమ్మా?" అని గొంతు తగ్గించి అడిగాడు.

అసలు లెక్కను నిలబెట్టింది మా ఆడపడుచు. ఆమె ఊరవతల కంప్యూటర్ నేర్పే సెంటర్ నడుపుతుంది. ఒక పొడుగాటి గది, రెండు వరసల పాత కంప్యూటర్లు. వాటన్నిటికీ కూడా ఈయన అలాగే పెట్టి, అదే మాట చెప్పి వచ్చారు. అక్కడ చేరిన పిల్లలు ఏం నేర్చుకునేవారో గానీ, ప్రతి క్లాసుకూ ముందు బస్సుల టైములు మాత్రం చూసేవారు. మా ఆయన సాయంత్రం ఇంటికొచ్చి "ఇవాళ కూడా ఒకటి దాటింది" అనేవారు. నేను ఏ పాపమూ ఎరగనట్టు అన్నం వడ్డించేదాన్ని.

"మీ చెల్లెలికి ఉన్న విషయం చెప్పేయొచ్చు కదా" అన్నాను.

"ఏమని చెప్పను? అన్నయ్య ఉద్యోగం నీ క్లాసు పిల్లల మీద నడుస్తోందని చెప్పనా?" అని కసిరారు. ఆయన పాలిట దేవుడికంటే పెద్దది మొహమాటం. చెల్లెలి దృష్టిలో ఆయన ఇంకా మేనేజర్ లేచి వచ్చే మనిషే. అలాగే ఉండాలనుకున్నారు.

ఎన్నాళ్లు చూసినా లెక్క దిగకపోయేసరికి మేనేజర్‌కు విసుగొచ్చింది. వీళ్లు వాళ్లంతట వాళ్లు మారేలా లేరు, మనమే చెబుదాం అన్నాడు. సైటు తెరవగానే ఒక ప్రకటన కనపడాలి: మీ బ్రౌజర్ పాతబడింది, త్వరలో ఇందులో మా సైటు తెరుచుకోదు, కొత్తది కావాలంటే ఇక్కడ నొక్కండి. ఇది పాత బ్రౌజర్‌లో చక్కగా కనపడాలి కాబట్టి మా ఆయనే చెయ్యాలి.

ఆ సంగతి విని నాకు ఒళ్లు మండిపోయింది. "చెయ్యకండి. రాదని చెప్పండి" అన్నాను.

"రాదని ఎలా చెప్తాను? వచ్చుగా."

"అయితే వంకరగా చెయ్యండి. ఆ బటన్ కనపడకుండా కిందికి జారిపోయేలా చెయ్యండి. అదెలాగో మీకంటే ఎవరికి తెలుసు?"

దొంగతనం చెయ్యమన్నట్టు చూశారు నా వైపు. "నా చేత్తో చేసింది వంకరగా ఉంటే, ఇన్నేళ్లూ ఏం పీకాడని అనుకోరూ?" అన్నారు. నేనైతే నిక్షేపంగా వంకర కుట్టేసి ఇచ్చేదాన్ని. ఆయనకు చేతకాలేదు. మూడు రోజులు ఆ చిన్న ప్రకటన మీదే కూర్చున్నారు. అక్షరాల సైజు మార్చారు, రంగు మార్చారు, చదవగానే అర్థం కావాలని నాచేత కూడా చదివించారు. నేను చదివి, అర్థం కాలేదని చెప్పాను. నమ్మలేదు.

ప్రకటన పెట్టిన మర్నాడు, ఆయన కంచం ముందు ఉండగా ఆడపడుచు ఫోన్ చేసింది. చేతులు ఎంగిలిగా ఉన్నాయని ఫోన్ స్పీకర్‌లో పెట్టమన్నారు.

"అన్నయ్యా, మీ సైటులో వచ్చిందే, బ్రౌజర్ మార్చుకోమని, అది నువ్వు చేసిందేనా?"

"నేనే చేశాను. ఏం?"

"అనుకున్నా. ఎవరో చెబితే నొక్కేదాన్ని కాదు. వద్దని నువ్వే అన్నావుగా. ఇప్పుడు నువ్వే నొక్కమంటున్నావంటే ఏదో కారణం ఉంటుందని, పొద్దున్నే కూర్చుని సెంటర్లో అన్ని కంప్యూటర్లకీ మార్చేశాను. ఒక్కటీ మొరాయించలేదు. వదిన వాళ్ల పెదనాన్నగారికి కూడా ఫోన్ చేసి చెప్పాను, అన్నయ్య మార్చుకోమంటున్నాడని."

ఆయన చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఫోన్ లాక్కుని ఆ పిల్లను నాలుగు దులుపుదామనుకున్నాను. కానీ ఏమని దులపను? అన్న మాట విన్నందుకా?

"వదినా, అన్నయ్య ఉన్నాడా? పలకడేం?" అంది ఆమె.

ఆయన ముద్దను కంచంలో పెట్టేసి, ఫోన్ వైపు వంగారు.

"అమ్మలూ, ఆ బటన్... సరిగ్గా మధ్యలోనే కనపడిందా? పక్కకి జరగలేదు కదా?"

"లేదన్నయ్యా, అన్నిట్లోనూ అద్దంలా కనపడింది."

"విన్నావా?" అన్నారు నా వైపు తిరిగి. ఆ క్షణంలో ఆయన మొహం వెలిగిపోతోంది. ఆ వెలుగు చూసి నాకు ఏడుపు ఆగలేదు.