ఫోన్ల సంచి

నేను పిరికివాణ్ణి. మా ఇంట్లో ఇది రహస్యమేమీ కాదు. ఆకాశం కాస్త ఉరిమితే టీవీ ప్లగ్గు పీకేసేవాణ్ణి. కుక్కర్ కూత పెడితే దుకాణం వదిలి వంటింట్లోకి పరుగెత్తేవాణ్ణి. మా ఆవిడ ఫ్యాక్టరీ నుంచి వచ్చే బస్సు ఇస్నాపూర్ చౌరస్తాలో ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఇక్కడ నేను ఫోను అందుకునేవాణ్ణి. ఆమె ఎత్తేదాకా చేస్తూనే ఉండేవాణ్ణి. చివరికి ఒకరోజు విసుగెత్తి, తన ఫోన్లో ఏదో నొక్కి, తానెక్కడుందో నా ఫోన్లో ఎప్పుడూ కనబడేటట్టు చేసిపెట్టింది. "ఇగ సూస్కుంట కూసో. నా పానం తినకు" అంది.

అప్పటి నుంచి అదే నా పని. మాది చిట్కుల్. ఇంటి ముందు గదిలో నాకు చిన్న కిరాణా దుకాణం ఉంది. వెనక గదులు ఫ్యాక్టరీ పనికి వచ్చినవాళ్ళకు కిరాయికి ఇచ్చాం. మా ఆవిడ ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి వెళ్ళేది. పక్కింటి ఆమె, మా గల్లీలోని మరికొందరు ఆడవాళ్ళు కూడా అక్కడే చేసేవారు. పక్కింటాయన ఆటో నడుపుతాడు. నన్ను అన్నా అంటాడు, నేను తమ్మీ అంటాను. ఆయన భార్య నాకు చెల్లె. సాయంత్రం ఆయన మా దుకాణం ముందు బల్ల మీద కూర్చుని ఫోను చూసుకుంటుంటే, వీళ్ళు బస్సు దిగి నవ్వుకుంటూ వచ్చేవారు.

ఫ్యాక్టరీలోకి ఫోన్లు తీసుకుపోనివ్వరు. గేటు దగ్గర సెక్యూరిటీ గదిలో ఇచ్చి టోకెన్ తీసుకోవాలి. పని దిగాక లైన్లో నిలబడి ఒక్కొక్కరూ టోకెన్ చూపించి ఫోను తీసుకునేసరికి బస్సు కాస్తా కదిలిపోతుంది. దీనికి మా గల్లీ ఆడవాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టారు. అందరి ఫోన్లూ ఒకే బట్టసంచిలో వేసి ఇచ్చేవారు. సంచి ఒకటే, టోకెనూ ఒకటే. టోకెన్ వాళ్ళందరిలోకీ పెద్దామె దగ్గర ఉండేది. ఆమెను గల్లీ అంతా పెద్దక్క అంటుంది.

కాబట్టి పొద్దంతా నా ఫోన్లో మా ఆవిడ మొహం ఉన్న గుండ్రటి బొమ్మ ఫ్యాక్టరీ గేటు దగ్గర కదలకుండా ఉండేది. అది సంచి ఉన్న చోటే గానీ మనిషి ఉన్న చోటు కాదని నాకు బాగా తెలుసు. అయినా బేరం లేనప్పుడల్లా తీసి చూసుకునేవాణ్ణి. చూసుకుంటే ధైర్యంగా ఉండేది. ధైర్యం ఎక్కడ దొరికితే అక్కడ తెచ్చుకోవాలి మరి నాలాంటివాడు.

నా రెండో భయం కొత్త నంబర్లు. మా వెనక గదిలో ఉండే ఒరిస్సా మనిషి ఒకసారి ఎవరిదో తెలియని నంబరు ఎత్తాడు. పోలీసులమన్నారట, నీ పేరు మీద కేసు ఉంది, గది దాటొద్దన్నారట. గడియ పెట్టుకుని, ఎవరు పిలిచినా పలకకుండా గదిలోనే కూర్చున్నాడు. మేము తలుపు బద్దలుకొట్టి బయటికి తీసుకొచ్చాం. చెమటతో తడిసి ముద్దయి ఉన్నాడు. ఆ రోజు నుంచి పేరు లేని నంబరు ఎత్తేవాడు మా గల్లీలో పిచ్చివాడి కింద లెక్క. పక్కింటాయన అందరికన్నా గట్టివాడు. చేసేవాళ్ళ పేరు ముందే చూపించే యాప్ ఒకటి అందరి ఫోన్లలో దగ్గరుండి వేయించాడు. మోసగాళ్ళదని ఎవరైనా నొక్కిపెట్టిన నంబరయితే ఎర్రగా వస్తుంది. ఎర్రగా వస్తే కట్ చేయడమే.

ఆ మధ్యాహ్నం నేను అన్నం తిని దుకాణంలో కునుకు తీస్తున్నాను. బిస్కెట్ డబ్బాల మూతలు ఒక్కసారిగా గలగలమన్నాయి. క్వారీలో పేల్చారేమో అనుకున్నాను. నీళ్ళు తాగి మళ్ళీ కళ్ళు మూసుకోబోతుంటే ఊరి గ్రూపులో టింగుమని వీడియో వచ్చింది. ఎవరో మేడ మీద నుంచి తీశారు. నల్లటి పొగ, దాని పక్కన నీలం రంగు నీళ్ళ ట్యాంకు. ఆ ట్యాంకు నాకు తెలుసు. మా ఆవిడను బండి మీద దింపినప్పుడల్లా దాని కిందే ఆపేవాణ్ణి.

ఇక గ్రూపు ఆగలేదు. పది మంది పోయారని ఒకడు, వంద మంది అని ఇంకొకడు. ప్యాకింగ్ వైపే పేలిందని ఒకరు రాస్తే, కాదు బాయిలర్ వైపు అని మరొకరు. ఒక వీడియోలో మంటల వెనక సముద్రం కనబడుతోంది. మా దగ్గర సముద్రం ఎక్కడిది? అయినా ఆ వీడియో కూడా చివరిదాకా చూశాను. పరుగెత్తుతున్న ఆడవాళ్ళలో మా ఆవిడ చీర కోసం వెతికాను.

ఆమె ఫోను సంచిలో ఉందని తెలుసు. అయినా చేశాను. ముందు ఫోను కంపెనీ వాళ్ళు వినిపించే ఆ జాగ్రత్తల మాట మొదలైంది, తెలియని నంబర్లను నమ్మవద్దు, మోసపోవద్దు అని. అది అయిపోయేదాకా రింగు పోదు. చేసిన ప్రతిసారీ ఆ గొంతు నాకు అదే పాఠం తీరిగ్గా చెప్పింది. తర్వాత రింగయింది. ఎవరూ ఎత్తలేదు. మ్యాప్ తీశాను. బొమ్మ గేటు దగ్గరే ఉంది. గేటు దగ్గర ఉందంటే బయటే ఉన్నట్టు కదా అనుకున్నాను. పొద్దంతా తెలిసిన సంగతి ఆ క్షణంలో తెలియకుండా పోయింది.

అప్పుడు బొమ్మ కదిలింది.

నిజంగా దండం పెట్టాను ఫోనుకు. బయటపడింది, వస్తోంది అనుకున్నాను. కానీ అది మా ఊరి వైపు రాలేదు. హైవే ఎక్కి సంగారెడ్డి వైపు పోతోంది. నడిచే మనిషి పోయే వేగం కాదు అది. బస్సు వేగం కూడా కాదు. సైరన్ వేసుకుని పోయే బండి వేగం.

పక్కింటాయన ఆటో తీసి గల్లీలోకి వచ్చేశాడు. నన్ను చూసి ఆయన కూడా భార్య ఎక్కడుందో తన ఫోన్లో కనబడేటట్టు పెట్టించుకున్నాడు. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆయన భార్య బొమ్మ, మా ఆవిడ బొమ్మ ఒకే చోట కలిసి కదులుతున్నాయి. ఇద్దర్నీ ఒకే బండిలో పడుకోబెట్టారని మాకు కనబడింది. ఇద్దరు మొగవాళ్ళం, రోజూ ఆ సంచి సంగతి వింటున్నవాళ్ళం, మా ఇద్దరికీ సంచి గుర్తు రాలేదు. దుకాణం తలుపు కూడా వేయకుండా ఆటో ఎక్కాను.

రుద్రారం దాటేలోపు నా ఫోను మోగింది. నేను దాచుకున్న పేర్లలో లేని నంబరు. తెర ఎర్రగా ఉంది. కింద యాప్ చూపించిన ఏదో హిందీ పేరు. ఎత్తబోయాను. పక్కింటాయన అద్దంలో చూశాడు.

"కట్ జెయ్ అన్నా. గిసొంటప్పుడే దొంగలు ఫోన్లు జేస్తరు. మనోళ్లు జేస్తే పేరు పడ్తది గద."

నిజమే అనిపించింది. కట్ చేశాను. మళ్ళీ వచ్చింది, మళ్ళీ కట్ చేశాను. కంది దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఇంకోసారి. ఆమె ఫోను నుంచి ఎవరైనా, ఏ నర్సో, అంబులెన్సు మనిషో చేస్తారేమో, లైను ఖాళీగా ఉండాలని నా తాపత్రయం. ఆ దొంగ మీద పట్టరాని కోపం వచ్చింది. నోటికొచ్చింది తిట్టాను.

ఆసుపత్రి ముందు జనం. బొమ్మ లోపల ఆగి ఉంది. ఎవరినీ అడిగే ధైర్యం లేక మళ్ళీ ఆమెకు ఫోను చేశాను. జాగ్రత్తల మాట అయిపోయింది. వరండా చివర నుంచి పిచ్చుకల కిచకిచ వినిపించింది. అది మా ఆవిడ ఫోను మోత. ఏరికోరి పెట్టుకుంది. ఆ చప్పుడు వైపు నడిచాను. ఒక మంచం మీద ఒకామె పడుకుని ఉంది. మొహం మీద తడిగుడ్డ, పాదాలకు మసి. ఆ తల దగ్గరే పిచ్చుకలు అరుస్తున్నాయి. గుడ్డ తీసి చూడాలి. నా వల్ల కాలేదు. పక్కింటాయన తీశాడు.

పెద్దక్క. బతికే ఉంది. దగ్గుతోంది. తల కింద బట్టసంచి, సంచిలో ఫోన్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి మోగుతున్నాయి. తలనొప్పి మాత్ర కోసం గేటు దగ్గరికి వచ్చిన సమయంలో పేలిందట. అందరూ పరుగెత్తుతుంటే సంచి లాక్కుని తానూ పరుగెత్తిందట, పొగకు కళ్ళు తిరిగి పడిపోయిందట. మా వాళ్ళ సంగతి అడిగాం.

"నా తాన సంచే ఉన్నది తమ్మీ. ఆళ్లు లోపట్నే ఉండిరి" అంది.

పక్కింటాయన సంచి ముందు కూలబడి తన భార్య ఫోను కోసం వెతకడం మొదలుపెట్టాడు. అప్పుడే నా చేతిలో ఫోను మళ్ళీ మోగింది. మళ్ళీ ఆ ఎర్ర నంబరే. నాకింక పోయేదేముంది అనిపించిందో, తిట్టడానికి ఒక మనిషి కావాలనిపించిందో తెలియదు. కొంచెం దూరం జరిగి ఎత్తాను.

"నేనే" అంది మా ఆవిడ. తర్వాత ఏడ్చింది. "ఎన్నిసార్లు జేసిన? ఎందుకు ఎత్తలే?"

గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాను. ఆమే చెప్పింది. తానూ, పక్కింటి ఆమే ఇద్దరూ వెనక గేటు నుంచి పొలాల్లోకి ఉరికారు. దెబ్బలేమీ తగల్లేదు. రోడ్డు మీద ఒక లారీ డ్రైవరు ఫోను ఇచ్చాడు. పక్కింటి ఆమెకు భర్త నంబరు నోటికి రాదు. మా ఆవిడకు నా నంబరు వచ్చు, గ్యాసు బుకింగ్‌కు చెప్పి చెప్పి వచ్చేసింది. అందుకని ఇద్దరూ ఆ ఒక్క ఫోను మీద తలలు వంచి నాకు చేస్తూ ఉన్నారు.

పక్కింటాయన వెనక్కి తిరిగి నన్నే చూస్తున్నాడు. ఆయన చేతిలో భార్య ఫోను ఉంది.

"చెల్లె నీ పక్కనే ఉన్నదా?" అని అడిగాను.

మా ఆవిడ మళ్ళీ ఏడుస్తూ చెప్పింది. "నువ్వు కట్ జేస్తుంటివి గద. ఆమెనేమో ఈళ్లు కొత్త నంబర్లు ఎత్తరక్కా, మన ఫోన్లు దొర్కితేనే అయితది, ఆయన పరేషాన్ అయితుండు, సంచి తెస్త అని మెయిన్ గేటు దిక్కు ఉరికింది. నేను వద్దన్న, ఇనలే. అటెన్క ఇంకోటి పేలింది."

ఆ సంచి మా ముందు ఉంది. పక్కింటాయన నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. వదినె ఏమంటుంది, మా ఆమె ఉన్నదా అని అడిగాడు. లైను కట్ అయిందని చెప్పాను. అప్పటికింకా మా ఆవిడ నా చెవిలో ఏడుస్తూనే ఉంది.

ఆమె ఇక లేదన్న మాట ఆయనకు మర్నాడు ఆఫీసరు ఒకరు చెప్పారు. సంచి కోసం వెళ్ళిందని ఎవరూ చెప్పలేదు. అందరితోపాటు లోపలే చిక్కుకుందని ఆయన అనుకున్నాడు. మా ఆవిడా నేనూ దీని గురించి ఇంట్లో కూడా మాట్లాడుకోలేదు. ఆమె పని మానేసింది. ఇప్పుడు దుకాణంలో నాతోపాటే కూర్చుంటుంది. నాకు ఇంతకుముందున్న భయాలన్నీ పోయాయి. ఉరుములకు ప్లగ్గు పీకడం లేదు. ఒక్క భయమే మిగిలింది. సాయంత్రం ఆటో చప్పుడు గల్లీలోకి రాగానే అది లేచి కూర్చుంటుంది.

మొన్న ఆయన ఎప్పటిలాగే వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. టీ ఇచ్చాను. తాగలేదు. గ్లాసు చేతిలో తిప్పుతూ, నా వైపు చూడకుండా అడిగాడు.

"అన్నా, ఆ దినం ఆటోల ఒక ఎర్ర నంబరొచ్చింది గద, అది వదినె జేసిందేనా? నేనే గద ఎత్తకన్న. గదే బుగులు పట్టుకున్నది నాకు."

లోపల పప్పు తూకం వేస్తున్న మా ఆవిడ చేయి ఆగిపోయింది. బుగులంటే, ఆ లోపలి భయమంటే ఏమిటో నాకు ఒకరు చెప్పాలా?

"కాదు తమ్మీ" అన్నాను. "గది వేరే నంబరు."

ఆయన చాలాసేపు నా మొహంలోకి చూశాడు. తల ఊపాడు. చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగి ఇంటికి వెళ్ళిపోయాడు. నమ్మాడనే అనుకున్నాను. మర్నాడు సాయంత్రం మళ్ళీ వచ్చి అదే అడిగాడు.