బతికున్నవాళ్ల పేర పిట్టకు పెట్టుడు

దుబాయ్‌లో ఉన్నన్నాళ్లూ నేను మనసారా తిట్టుకున్న మనిషి మా ఫోర్‌మన్. మేం ఉన్నది అబుదాబి ఊరి బయట మఫ్రఖ్‌లో. ఇంటికాడ మావాళ్లకు గల్ఫంతా దుబాయే కాబట్టి నాకూ అదే అలవాటు. ఫోర్‌మన్ పాలస్తీనావాడు. పుట్టింది, పెరిగింది బీరూట్ పక్కన శరణార్థుల క్యాంపులో. మనిషి ఆరడుగులు, నోరు అంతకన్నా పెద్దది. మమ్మల్ని పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. అందరం హిమార్లమే, అంటే గాడిదలం. నడినెత్తిన ఎండ మండుతుంటే కడ్డీలు కట్టేవాడెవడైనా డ్రమ్ములో రెండో గ్లాసు ముంచాడా, వెనకనుంచి వచ్చి గ్లాసు లాక్కుని నీళ్లు ఇసుకలో పారబోసేవాడు. నేను మనుషుల్ని సైటుకు మోసే పికప్ డ్రైవర్ని. రోజంతా పక్క సీట్లో ఆ నోటిని భరించే అదృష్టం నాకే దక్కింది.

ఎనభై రెండో సంవత్సరం ఎండాకాలంలో ఇజ్రాయెల్ సైన్యం బీరూట్‌ను చుట్టుముట్టింది. ఆకాశంనుంచి కొట్టారు, సముద్రంనుంచి కొట్టారు. నీళ్లు బంద్, కరెంటు బంద్, పిండి మూట లోపలికి పోనివ్వలేదు. వీడి తల్లీ, కూతురూ ఆ క్యాంపులోనే ఉన్నారు. భార్య అంతకు ముందరి అంతర్యుద్ధంలోనే పోయింది. పాలు తాగే పిల్లను ముసలావిడే సాకింది. ఆ ఇద్దర్నీ అబుదాబికి తెచ్చుకోవాలని వాడు ఎప్పటినుంచో కాళ్లరిగేలా తిరుగుతున్నాడు. కఫీల్, అంటే వీసాలిచ్చే అరబ్బు యజమాని, సంతకం పెడితే గానీ వీసా రాదు, ముదీర్, అంటే మేనేజరు, చెబితే గానీ కఫీల్ సంతకం పెట్టడు. ముదీరేమో రేపు రా, ఎల్లుండి రా అనేవాడు.

పికప్‌లో రేడియో ఎప్పుడూ మోగుతూనే ఉండేది. వాళ్ల క్యాంపు పేరు వినిపిస్తే చాలు, చప్పుడు చెయ్యొద్దని చెయ్యి పైకెత్తేవాడు, ఎవరూ మాట్లాడకపోయినా సరే. వార్తలు అయిపోగానే ఆ కసి అంతా మా మీద తీర్చుకునేవాడు. బాంబులు ఎక్కువ పడ్డ రోజు మాకు తిట్లు ఎక్కువ.

మావాళ్లేమన్నా తక్కువ తిన్నారా? సాయంత్రం రూములో రొట్టెలు చేసుకుంటూ ఒకడు పకపకా నవ్వాడు.

"మన ఉసురు తాకిందిరా వానికి. మంచిగైంది!"

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. నవ్వనివాడు ఒక్కడే, మా పెద్ద మేస్త్రి. జగిత్యాల దిక్కు మనిషి, వయసులో అందరికీ పెద్ద, అందరికీ కాకా. చేతిలోని పిండి విదిలించి లేచాడు.

"నోర్ముయ్యి బాడ్కావ్! ఆడ బాంబు కింద ఉన్నది ముసల్ది, పసిపోరి. వాళ్లేమన్నరురా నిన్ను?"

ఆ తర్వాత కొన్నాళ్లకే సైటు ఆఫీసుకు ఫోన్ వచ్చింది. డమాస్కస్‌లో ఉండే వాడి చిన్నాన్న కొడుకు చేశాడు. వాళ్లుండే ఇల్లు మొత్తం నేలమట్టమైంది, లోపలివాళ్లెవరూ బయటికి రాలేదు, అదీ కబురు. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. వాడు ఫోన్ పెట్టేసి, వచ్చి పికప్ ఎక్కి, పద అన్నట్టు "యల్లా" అన్నాడు. సాయంత్రం దాకా ఎప్పటిలాగే అరిచాడు. తల్లి పోయిందనలేదు, బిడ్డ పోయిందనలేదు. ఆఫీసు క్లర్కు చెబితేనే మావాళ్లందరికీ సంగతి తెలిసింది. ఆ రోజు రూములో ఎవరూ నవ్వలేదు.

మా దిక్కు మనిషి పోతే మూడోరోజు పిట్టకు పెడతాం. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, విస్తట్లో పెట్టి, బయట ఉంచి, కాకో పిట్టో ముట్టేదాకా ఇంటిల్లిపాదీ ఉపవాసమే. పిట్ట ముట్టకపోతే పోయినవాళ్ల మనసులో ఏదో కొరత ఉన్నట్టు. దగ్గరికెళ్లి, ఆ కొరత మేం తీరుస్తాం ముట్టమని బతిమాలుకుంటాం. దుబాయ్‌లో ఉండగా తల్లో తండ్రో పోయిన కబురొస్తే మాకు మిగిలేది అదొక్కటే. ఆఖరి చూపు లేదు, పాడె మోసేది లేదు. కబురందిన రోజే చావు రోజనుకుని, మూడోరోజు షెడ్ల వెనక ఇంత వండి పెట్టి, స్నానం చేసి డ్యూటీకి పోయేవాళ్లం. శవాన్ని చూడకుండానే చావును ఒప్పుకోవడం మాకు అంతగా అలవాటైపోయింది.

అందుకే కాకా ఆ మాట అంటే ఎవరికీ వింతగా తోచలేదు.

"తిట్టిండు, కొట్టిండు, అయితేంది? తల్లీ బిడ్డా ఒక్కపారే పోయిరి. పిట్టకు పెట్టెటోడు గూడ లేకపాయె ఆయనకు. మనమే పెడుదాం."

"వాళ్లల్ల గిట్లాంటియి ఉండయి కాకా" అన్నాను.

"పిట్టకు గవన్ని తెలుస్తయారా?"

మూడోరోజు శుక్రవారం పడింది, సెలవు. పొద్దున్నే కోడి కూర, అన్నం, ఉడకబెట్టిన గుడ్లు. ముసలావిడకు ఏమిష్టమో మాకేం తెలుసు, మా అమ్మలకు ఇష్టమైనవే వండాం. పిల్ల కోసం ఒకడు దుకాణానికి పరిగెత్తి క్రీము బిస్కెట్లు తెచ్చాడు. పకపకా నవ్వినవాడే వాడు. ఆకులెక్కడివి ఆ ఎడారిలో? సిమెంటు సంచి లోపలి పొర శుభ్రంగా చింపి, షెడ్ల వెనక గోడ పక్కన పరిచి వడ్డించాం. దూరంగా నిలబడ్డాం. కాకి జాడ లేదు. నాలుగు పిచ్చుకలు గోడ మీద వాలి, అటూ ఇటూ చూసి ఎగిరిపోయాయి. ఎండ ఎక్కుతోంది, కడుపులో పేగులు అరుస్తున్నాయి. కాకా ముందుకు పోయి దండం పెట్టాడు.

"అవ్వా, నీ కొడుకును మేం సూసుకుంటం తియ్యి. ముట్టు తల్లీ."

సరిగ్గా అప్పుడు వచ్చాడు ఫోర్‌మన్. శుక్రవారం మా షెడ్ల మొహం చూడనివాడు, కారు ఆగిపోయిందని, ఊళ్లోకి పోయి టెలిఫోన్ చెయ్యాలని, నన్ను వెతుక్కుంటూ ట్యాక్సీలో వచ్చాడు. పరిచిన కాగితాన్ని, చేతులు కట్టుకుని నిలబడ్డ మమ్మల్ని మార్చి మార్చి చూశాడు.

"క్యా హై యే? పార్టీ?"

అందరూ నావైపే చూశారు. చచ్చినట్టు నేనే చెప్పాల్సి వచ్చింది. మీ అమ్మ కోసం, మీ బిడ్డ కోసం, మా పద్ధతి ఇది అని హిందీలో చెప్పాను.

అరుస్తాడనుకున్నాను. అరవలేదు. వంగి బిస్కెట్ల పొట్లం చేతిలోకి తీసుకుని కాసేపు చూశాడు. తర్వాత నన్ను అడిగాడు.

"లాష్ దేఖా తూనే?"

శవం చూశావా నువ్వు, అని. లేదన్నాను. పక్కవాణ్ని అడిగాడు, ఆ పక్కవాణ్ని అడిగాడు. అందరూ లేదనే తలలూపారు.

"నేనూ చూడలేదు. విమానం చంపిందో లేదో ఇంకా ఎవరికీ తెలియదు. మీరెవర్రా వాళ్లను చంపడానికి?"

ఒక్క తన్ను తన్నాడు. అన్నం, కూర ఇసుకలో కలిశాయి, గుడ్డు దొర్లుకుంటూ మోరీలో పడింది. కాకా ఏదో చెప్పబోతే చొక్కా పట్టుకుని గుంజి అవతలికి తోశాడు. ముసలాయన వెల్లకిలా పడ్డాడు. నాకు తిక్క రేగింది. "ముసలోని మీద చెయ్యేస్తవారా!" అని తెలుగులోనే అరిచి వాడి మణికట్టు పట్టుకున్నాను. వాడు విడిపించుకోలేదు, నా కళ్లలోకి చూసి "కల్" అన్నాడు. రేపు చెప్తాను మీ సంగతి, అని.

చెప్పాడు. మర్నాడు మిట్టమధ్యాహ్నం అందరి చేతా కడ్డీలు మోయించాడు. నీళ్ల డ్రమ్మును తన కుర్చీ పక్కన పెట్టించుకుని సాయంత్రం నమాజు దాకా ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. బిస్కెట్లు తెచ్చినవాడు కళ్లు తేలేసి పడిపోయాడు, నోట్లోంచి నురగ. వాణ్ని నీడకు లాక్కుపోవడానికి కూడా ఒప్పుకోలేదు. కాకాను మాత్రం ప్రత్యేకంగా చూసుకున్నాడు, నిచ్చెన మీదుగా సిమెంటు దిమ్మెలు ఎక్కించాడు. భుజం తోలు ఊడి రక్తం కారుతుంటే "యల్లా బుడ్డే, యల్లా", కానీ ముసలోడా కానీ అంటూ, కిందినుంచి చప్పట్లు కొట్టాడు. ఆ సాయంత్రం నేను బండి వెనక్కు తీస్తుంటే అద్దంలో వాడే నిలబడి ఉన్నాడు. బ్రేకు తొక్కకపోతే పీడా పోతుంది కదా అనిపించింది. ఉత్తుత్తి మాట కాదు, నిజంగానే అనిపించింది.

వారం తిరగకుండానే మళ్లీ ఫోన్ మోగింది. ఈసారి తల్లే! వాడి తల్లే మాట్లాడింది! ఇల్లు కూలినప్పుడు ముసలావిడ, పిల్ల నీళ్ల కోసం వరసలో ఉన్నారట. ఇన్నాళ్లూ ఏదో బడి కింద నేలమాళిగలో తలదాచుకుని, బాంబులు కాస్త తెరిపి ఇవ్వగానే, క్యాంపు బయట ఒక మందుల షాపుకు వచ్చి ఫోన్ చేసింది. వాడు ఆఫీసులోంచి పరిగెత్తుకొచ్చాడు, తలుపు కమ్మీ తలకు కొట్టుకుని నెత్తురు కారుతోంది, అదేమీ తెలియలేదు వాడికి. నన్ను పట్టుకుని భోరుమన్నాడు. మొన్న చంపాలనుకున్నవాడి వీపు నిమురుతూ నేనూ ఏడ్చాను. ఏం చెయ్యను మరి!

సాయంత్రం పళ్లెం నిండా కునాఫా పట్టుకుని షెడ్లకు వచ్చాడు. వాళ్ల మిఠాయి అది, జున్ను మీద సేమ్యాలాంటి పొర, పైన పాకం. అందర్నీ దాటుకుని పోయి కాకా ముందు గొంతుక్కూర్చున్నాడు. కట్టు కట్టిన భుజం వైపు చూడలేక తల దించుకుని, ఒక ముక్క తుంచి ముసలాయన నోట్లో పెట్టాడు.

"బుడ్డే, మేరీ మా జిందా హై. బేటీ భీ."

కాకా నమిలి మింగి, మూతి తుడుచుకుని నాతో అన్నాడు.

"చెప్పురా ఆయనకు. చావు కబురు అబద్ధమైతే ఆయుస్సు పెరుగుతది."

నేను చెప్పాను. ఫోర్‌మన్ ఆకాశం వైపు చేతులెత్తి ఇన్షాల్లా అన్నాడు, పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. వాడు నవ్వగా చూడటం మాకు అదే మొదలు.

ఇక వీసా. ముదీర్ తెగేసి చెప్పాడు, పైకప్పు సెంట్రింగ్ పని పూర్తయ్యాకే కఫీల్ దగ్గరికి కాగితం పంపుతానని. ఫోర్‌మన్ మమ్మల్ని ఏమీ అడగలేదు, అడిగే మొహం లేదు వాడికి. కాకాయే ఒంటి చేత్తో పలక ఎత్తుతూ అన్నాడు, "గుంజుండ్రి, పోరి వస్తది." సెలవు రోజులు కూడా పని చేశాం. అంతకు ముందు ఆ మనిషి కోసం మేం గడ్డిపోచ కూడా కదిల్చి ఉండం.

వీసా చేతికొచ్చేసరికి అక్కడ యుద్ధం ఆగిపోయింది. పాలస్తీనా పోరాటగాళ్లు తుపాకులతో సహా ఓడలెక్కి బీరూట్ వదిలిపోయారు. క్యాంపులో మిగిలినవాళ్లకు ఏమీ కాదని పెద్ద దేశాలు హామీ ఇచ్చాయని రేడియో చెప్పింది. డమాస్కస్ ట్యాక్సీ డ్రైవర్ ఒకడు, దారులు తెరుచుకోగానే వెళ్లి ఇద్దర్నీ తీసుకొస్తానని ఒప్పుకున్నాడు. ఆ సంగతి చెప్పడానికి ఫోర్‌మన్ ఫోన్లో తల్లితో మాట్లాడుతుంటే నేను గుమ్మంలోనే ఉన్నాను. అప్పటికి నాకు ఆపాటి అరబ్బీ అర్థమవుతోంది. ముసలావిడ గొంతు గుమ్మం దాకా వినపడుతోంది, ఆవిడ ఒప్పుకోవడం లేదు. మగవాళ్లంతా వెళ్లిపోయారు, వాడకట్టు బావురుమంటోంది, నాకు భయంగా ఉంది, పిల్లను తీసుకుని ఉత్తరాన మా అక్క దగ్గరికి పోతాను అంటోంది. వీడికి కోపం వచ్చింది. బల్ల మీద గుద్ది అరిచాడు.

"ఖల్లీకీ బిల్‌బేత్!"

ఇంట్లోనే ఉండు, అని. మళ్లీ అరిచాడు. మళ్లీ, మళ్లీ. అటునుంచి ఏడుపు వినిపించాక మెత్తబడి, చిన్నపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. పికప్‌లో కూర్చున్నాక నాకూ చెప్పాడు. ఇల్లు కూలాక తల దాచుకోవడానికి క్యాంపులోనే ఎవరో ఇచ్చిన గది తప్ప డ్రైవర్‌కు ఇంకో గుర్తు తెలియదు. దారిలో ప్రతి మలుపులో తుపాకీ పట్టుకున్న మూకలు. ముసల్దీ పిల్లా రోడ్డెక్కితే ఏమైపోతారు? నాకూ సబబే అనిపించింది. ఎవరికైనా అనిపిస్తుంది.

డ్రైవర్ బయలుదేరాల్సిన వారంలోనే ఇజ్రాయెల్ సైన్యం బీరూట్ ఊళ్లోకి దిగింది. సైనికులు క్యాంపు చుట్టూ కాపలా నిలబడ్డారు. వాళ్లు చూస్తుండగానే, వాళ్లతో చేతులు కలిపిన లెబనాన్ సాయుధ మూక ఒకటి లోపలికి చొరబడింది. ఇల్లిల్లూ దూరి ముసలివాళ్లను, ఆడవాళ్లను, చంటిపిల్లలను చంపారు. రేడియో చెబుతుంటే ఈసారి వాడు చెయ్యి పైకెత్తలేదు. ముదీర్ దగ్గరికి పోయి, నేను వెళ్తాను, సెలవు కావాలన్నాడు. ముదీర్ సిగరెట్ ఆర్పకుండానే చెప్పాడు, నీ శరణార్థి కాగితం మీద బయటికి పోతే మళ్లీ ఈ దేశంలోకి రాలేవు, అయినా రేపు కాంక్రీటు ఉంది, అది పడ్డాక చూద్దాం. వీడు తిరిగొచ్చి పనిలో నిలబడ్డాడు. అందరికీ తనే నీళ్లు ముంచి ఇచ్చాడు.

కాంక్రీటు సగం పడ్డాక ఆఫీసు నుంచి కబురొచ్చింది, డ్రైవర్ లైన్లో ఉన్నాడని. మిక్సర్ ఆపొద్దని చెప్పి వెళ్లాడు. ఎక్కువసేపు పట్టలేదు. తిరిగొచ్చి పికప్‌లో నా పక్కన కూర్చున్నాడు. నేను ఇంజను స్టార్టు చెయ్యలేదు. నేనే అడిగాను, దొరికారా అని.

దొరికారన్నాడు. డ్రైవర్‌కు వెతికే పని లేకపోయింది, తలుపు తోస్తే ఎదురుగానే ఉన్నారట, ఒకరి పక్కన ఒకరు.

తర్వాత హిందీలో, నాకు అర్థమయ్యేలా ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాడు.

"నేను పుట్టి బుద్ధెరిగాక మా అమ్మ నా మాట ఒక్కటీ వినలేదు. ఈ ఒక్కటి వింది."