ఎనిమిదో ఈక

బస్సు కిటికీ మూసుకోలేదు. కడప నుంచి ప్రొద్దుటూరు దాకా దుమ్మంతా టికెట్ లేకుండా నా ఒళ్లోనే కూర్చుని వచ్చింది. ఓర్చుకున్నాను. కారణం ఒక గద్ద తోక.

పాత అమెరికా వెండి డాలరు మీద గద్ద తోకకు మొదట ఎనిమిది ఈకలు చెక్కారు. తర్వాత ఏడు చాలనుకుని, కొన్ని అచ్చుల్లో పాతవాటి మీదే మళ్లీ చెక్కారు. ఆ అచ్చుల నాణేల్లో పాత ఈకల కొసలు కిందనుంచి తొంగిచూస్తాయి. అలాంటి నాణెం కోసం పదేళ్లుగా వెతుకుతున్నాను. నగల కొట్టు శెట్టిగారు పంపిన ఫొటోలో ఆ కొసలు కనిపించాయి.

కొట్టుకు చేరగానే ఆయన ఎర్రగుడ్డ విప్పారు. నాణెం అద్దంలా మెరిసింది. భూతద్దం పెట్టి చూస్తే తోక కింద అంతా నున్నగా ఉంది.

"ఏం చేశారండీ దీన్ని?"

"శానా నల్లగా ఉండె సార్. అంత దూరం నుంచి వస్తాండారని చింతపండుతో తోమి, మిషన్ మీద పాలిష్ కొట్టించినా. ఇంటికొచ్చినోళ్లకు నల్లబడిన వెండి చూపిచ్చేది మాకు మర్యాద గాదు."

నాకు కాస్త నొచ్చింది. అంటే, మిగిలిన చింతపండు ఆయన నెత్తిన పిండాలనిపించింది.

"ఈకల కొసలు అరగదీసేశారు! నేనొచ్చిందే వాటి కోసం!" అని అరిచాను.

శెట్టిగారు నాణేన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఎన్ని ఈకలుంటే ఏందప్పా, అదేమన్నా ఎగరతాదా?"