ఊరి తరఫున ఒక్క సంతకం

కరీంనగర్‌లోని ఆ కాలేజీలో ఆత్రం లక్ష్మణ్ ఇరవై రెండేళ్లుగా అటెండరు. మీటింగు హాల్లో ఎవరు చక్కెర లేని చాయ్ తాగుతారో, ఎవరు బిస్కెట్టు ముట్టరో ఆయనకు కంఠస్థం. అక్కడి కుర్చీలన్నీ రోజూ తుడుస్తాడు, ఒక్కదాంట్లోనూ ఏనాడూ కూర్చోలేదు.

అందుకే పోయిన దసరాకు ముందు ప్రిన్సిపాల్ సారు "లక్ష్మణ్, జర కూసో" అన్నప్పుడు, వెనక ఇంకెవరైనా లక్ష్మణ్ ఉన్నాడేమోనని తిరిగి చూశాడు.

సంగతేమిటంటే, జ్యోతిరాణి అనే అమ్మాయి అక్కడ పీహెచ్‌డీ చేస్తోంది. విరిగిన ఎముకలకు కోలాం గిరిజనుల గూడేల్లో కట్టే మందుల మీద ఆమె పరిశోధన. మనుషుల్ని, వాళ్ల విద్యని పరిశోధించాలంటే ముందు ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. కమిటీ కాగితాలన్నీ చూసి, ఆ సమాజం సమ్మతిస్తున్నట్టు ఒక ఉత్తరం కావాలంది. గడువు చూస్తే దగ్గర పడింది. అప్పుడు ఎవరికో తట్టింది, మన లక్ష్మణ్ కోలామే కదా అని!

ఉత్తరం చివర 'సమాజ ప్రతినిధి' అని టైపు చేసి ఉంది. అది తనేనా అని లక్ష్మణ్‌కు అనుమానం రాకపోలేదు. కానీ అంత పెద్ద కుర్చీలో కూర్చోబెట్టి, పెన్ను చేతికిచ్చి అడిగితే కాదనడం ఆయనకెవరు నేర్పారు? సంతకం పెట్టేశాడు. ఉన్నమాట చెప్పాలంటే, ఆ రోజంతా కాస్త ఛాతీ విరుచుకునే తిరిగాడు కూడా.

ఆ తర్వాతి వారం జ్యోతిరాణిని వెంటబెట్టుకుని ఊరికి పోయాడు. పెద్దపల్లిలో రైలెక్కి, కాగజ్‌నగర్‌లో దిగి, అక్కణ్ణుంచి ఆటో. ఎముకలు కట్టేది లక్ష్మణ్ మేనత్త పోశవ్వ. తల్లి పోయాక ఆయన్ని పెంచింది కూడా ఆమే. కాలు విరిగిన వాళ్లను మంచం మీద మోసుకొస్తే, నెల తిరిగేసరికి నడిపించి పంపుతుందని చుట్టుపక్కల పేరు.

ఆమె మందుకు ఒక పద్ధతుంది. వేరు తవ్వే ముందు చెట్టు మొదట్లో గుప్పెడు జొన్నలు పోసి, దెబ్బ ఎవరికి తగిలిందో పేరుపెట్టి చెప్పాలి. పేరు చెప్పకుండా తవ్వితే అది దొంగతనమే.

జ్యోతిరాణి సమ్మతి ఫారం తీసి, ఒక్కో వాక్యం ఓపిగ్గా చదివి చెప్పింది. "నీ పేరు ఎక్కడ గూడ రాయం అవ్వా. ఎవ్వలికీ తెల్వకుంట దాస్తం."

"ఎందుకు దాసుడు? నేనేం తప్పు జేసిన?"

"తప్పు గాదవ్వా, నీ మంచికే. రేపు నీకేం ఇబ్బంది రాకుండ."

పోశవ్వ కాసేపు ఆలోచించింది. "సరే, నా పేరు దాస్తవ్. మరి నొప్పి ఎవలిది? చెట్టుకు ఎవల పేరు జెప్పాలె?"

జ్యోతిరాణి లక్ష్మణ్ వైపు చూసింది. లక్ష్మణ్ వాకిట్లో కోడిపిల్లల వైపు చూశాడు.

"నొప్పి ఎవ్వలికీ లేదవ్వా. ఉత్తగ తెల్సుకునేటందుకే."

"నొప్పి లేకుంట మందా?" పోశవ్వకు కోపమేమీ రాలేదు. ఎంత ఆలోచించినా అంతు చిక్కక గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. "గిది నాకు సమజ్ గాలే బిడ్డా. గీ మందు నా ఒక్కదానిది గాదు, ఊరిది. మంది కూసోవాలె, అందర్ని అడగాలె."

"ఊరు ఒప్పుకున్నది గదవ్వా!" జ్యోతిరాణి సంబరంగా ఉత్తరం తీసి చూపించింది. పాపం, ఆ పిల్ల మనసులో ఏ కల్మషమూ లేదు. "గిదిగో, మీ అందరి తరఫున లక్ష్మణన్న సంతకం పెట్టిండు."

పోశవ్వకు చదువు రాదు. కాగితం మీద ఉన్నది ఒక్క సంతకమేనని తెలియడానికి చదువు అక్కర్లేదు.

"అల్లుడా," అంది మెల్లగా, "నువ్వొక్కనివే ఊరెట్లయినవ్?"

లక్ష్మణ్ తువ్వాల దులుపుకుని లేచాడు. ఎప్పుడొచ్చినా తిరిగి వెళ్లేటప్పుడు పోశవ్వ ఆయన తువ్వాలలో ఇన్ని కందులో జొన్నలో మూటగట్టి ఇచ్చేది. ఆ రోజు ఆమె కూర్చున్న చోటు నుంచి లేవలేదు. ఖాళీ తువ్వాల భుజాన వేసుకుని ఆటో ఎక్కుతుంటే ఆయనకు ఏడుపొచ్చింది.

రైల్లో జ్యోతిరాణి, "అన్నా, గీసారి పర్మిషన్ రాకుంటే నా ఏడాది పోతది" అంది. లక్ష్మణ్ తల ఊపాడు. సంతకం ఉంచితే అత్త దూరమవుతుంది, తీసేస్తే ఈ పిల్ల చదువు ఆగుతుంది. కరీంనగర్ చేరేదాకా ఇటు తిప్పీ అటు తిప్పీ ఆలోచించాడు. తెమిలింది మాత్రం ఏమీ లేదు.

కమిటీ కూర్చున్న రోజు ఎప్పటిలాగే చాయ్ పట్టుకెళ్లాడు. అధ్యక్షుల వారు కుర్చీ చూపించారు. లక్ష్మణ్ కూర్చోలేదు. చేతిలో ట్రే బల్ల మీద పెట్టేశాడు.

"సార్, నా సంతకం కొట్టెయ్యుండ్రి."

"ఎందుకయ్యా? నువ్వు కోలాం కాదా?"

"కోలామునే సార్. గని కోలాములందరు నేను గాదు. మా ఊరిని ఎవ్వలు అడుగలే. నేను గూడ అడుగలే."

కమిటీ వాళ్లు జ్యోతిరాణి దరఖాస్తు వాయిదా వేస్తున్నట్టు రాసుకున్నారు. వరండాలో జ్యోతిరాణి ఎదురైంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "గీ మాట ముందే చెప్పకపోతివా అన్నా" అని వెళ్లిపోయింది. చేసింది మంచో చెడో లక్ష్మణ్‌కు అర్థం కాలేదు. చల్లారిన చాయ్ గ్లాసులు కడుగుతూ కూడా అదే పరేషాన్.

సాయంత్రం ఊరికి ఫోన్ చేశాడు. "అత్తా, సంతకం తీసేపిచ్చిన."

"గా పిల్ల ఏడ్సిందా?" అంది పోశవ్వ.

"ఏడ్సింది."

"పత్తి ఏరుడు అయినంక మందిమి కూసుంటం. గా పిల్లను తోల్కరా. ఏం గావాల్నో ఆమెనే అడగనీ. నువ్వు గూడ వచ్చి కూసో అల్లుడా. అండ్ల నీది గూడ ఒక్క మాట ఉంటది గద."

లక్ష్మణ్ తువ్వాలతో కళ్లు ఒత్తుకున్నాడు. ఆ ఒక్క మాట ఏం చెప్పాలో ఇప్పటికీ ఆయనకు తెలియదు.