చెంగమ్మ వంతులో నా ముఖం

దయ్యం ఉందని ఎవరైనా అంటే ముందు నవ్వేది నేనే. నా మొగుడు పడవ తిరగబడి సరస్సులో పోయాడు. శవం తేలిన చోటే ఇన్నేళ్ళుగా ఒక్కదాన్నే చేపలు ఆరబెట్టుకుంటున్నాను. ఒక్కనాడు కూడా వచ్చి పలకరించలేదు. దయ్యాలే ఉంటే ఆయన రాకుండా ఉండడు, బీడీలు అడగడానికైనా వస్తాడు.

కాబట్టి నేను రాసేది నమ్మమని ఎవరినీ బతిమాలను. నాకు రాయడం వచ్చింది కూడా ఈ మధ్యనే. ముసలితనంలో, మనవరాలి వయసున్న టీచరమ్మ ముందు పలక పట్టుకుని కూర్చుని నేర్చుకున్నాను. తప్పులుంటే మీరే దిద్దుకోండి. జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తున్నాను.

మాది పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పల్లె. సూళ్ళూరుపేట నుంచి ఆటోలో రావాలి. అక్కడికి ప్రదీపు అనే నెల్లూరు కుర్రవాడు సినిమా తీయడానికి వచ్చాడు. తడ దగ్గర కంపెనీలో ఉద్యోగం మానేసి, స్నేహితులను పోగేసుకుని, ఒక్క కెమెరాతో దిగాడు. వాంపైర్ సినిమా అన్నాడు. అంటే ఏమిటని అడిగితే, చచ్చినా చావకుండా మనుషుల రక్తం తాగి బతికేదని చెప్పాడు.

"మరి దోమకూ దానికీ తేడా ఏందబ్బయా?" అన్నాను.

"దోమకు కోరలుండవు గదవ్వా" అన్నాడు. మంచి కుర్రవాడే.

వాళ్ళ దగ్గర డబ్బు లేదని చూస్తేనే తెలిసిపోయేది. లైట్లకు జనరేటరు లేక, రాత్రి జరగాల్సినవన్నీ పట్టపగలే తీశారు. పాత తుఫాను షెల్టరు కిటికీలకు నల్ల పట్టాలు కట్టి, లోపల చీకటి చేసుకున్నారు. కోరలు నెల్లూరులో పళ్ళ సెట్లు కట్టే ఆయన చేసి ఇచ్చాడట. రక్తం చక్కెర పాకంలో ఎర్ర రంగు కలిపి కాచిందే. షెల్టరు నిండా చీమలు పట్టాయి. రక్తపిశాచి పక్కన నిలబడి ఒక మనిషి చీపురుతో చీమలు ఊడ్చేవాడు.

ఆ పిశాచి వేషానికి పల్లెలోంచే ఒక ముసలమ్మ కావాలన్నాడు ప్రదీపు. ఇద్దరం ముందుకొచ్చాం, నేనూ చెంగమ్మా. చెంగమ్మ నా మరిది పెళ్ళాం, నాకు తోడికోడలు.

ఆమె సంగతి చెప్పాలి. ఆమె మొగుడు బతికున్నాడు. పళ్ళు గట్టిగా ఉన్నాయి. ఆమె చేపల పులుసు పెడితే వీధంతా వాసన అంటారు. నేను పెడితే తిని చెయ్యి కడుక్కుంటారు, అంతే. ఇవన్నీ ఓర్చుకున్నాను. సినిమా దగ్గర ఓర్చుకోలేకపోయాను. నా ముఖం ఎక్కడా సరిగా పడలేదు. ఆధార్ కార్డులో ఉన్నది నేనేనని ప్రతిచోటా ఒట్టు పెట్టుకోవాలి. ఒక్కసారి అందరూ నన్ను చూడాలని నాకు ఉండేది. అందులో సిగ్గు ఏముంది?

ఇద్దరిలో ఎవరో తేల్చడం ప్రదీపు వల్ల కాలేదు. పల్లె పెద్ద కోటయ్య మామ, మా పద్ధతిలోనే చీటీలు వేద్దామన్నాడు. సరస్సులో చేపలు బాగా పడే చోట్లకు మాకు వంతులుంటాయి. చెంబులో చీటీలు వేసి తీస్తారు. ఎవరి వంతు రోజున వాళ్ళే ఆ నీళ్ళలో దిగాలి. ఇంకొకరి వంతులో వల వేస్తే దొంగతనం కంటే పెద్ద తప్పు. అలా వేసిన ఇంటికి ఆ ఏడాది వంతే ఉండదు. ఆ చెంబులో ఎప్పుడూ మగవాళ్ళ పేర్లే పడతాయి. మొగుడు పోతే వంతు కొడుక్కు పోతుంది కానీ పెళ్ళానికి రాదు. ఆడవాళ్ళ పేర్లు అందులో పడటం అదే మొదటిసారి.

నా చీటీ నేనే రాసుకున్నాను. చెంగమ్మకు రాయడం రాదు కాబట్టి ఆమెదీ నేనే రాశాను. కోటయ్య మామ చెంబులో చెయ్యి పెట్టి, నా చేత్తో నేను రాసిన ఆమె పేరే తీశాడు.

చెంగమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. "బాధపడమాకక్కా, నువ్వు నాకు కోరలు తగిలిద్దువుగాని" అంది. ఆ మాటకు నా కడుపులో పొయ్యి రాజుకుంది.

ముఖ్యమైన సీను తీసే రోజున నేను పల్లెలో ఉండలేదు. చూడలేకే పోయాను. ఎండుచేపల గంప ఎత్తుకుని, పొద్దున్నే ఆటో ఎక్కి సూళ్ళూరుపేట సంతకు వెళ్ళాను. రోజూ నా పక్కన కూర్చుని అమ్మే రమణమ్మ ఆ రోజూ ఉంది. నీడ చోటు కోసం ఆమెతో పోట్లాడాను కూడా. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను అక్కడే ఉన్నానని మీకు తెలియాలి.

ఎండ బాగా ఎక్కాక, ఒక బేరం మధ్యలో ఉండగా నా నోరు తీపి అయిపోయింది. నేనేమీ తినలేదు. బెల్లం పాకం నాలుక మీద పోసినట్టు చిక్కటి తీపి. మింగినా పోలేదు.

రమణమ్మ నా వైపు చూసి, "ఎప్పుడు నేర్చినావుమే ఆకు ఏసేది? పెదాలు ఎర్రగా పండుండాయి" అంది.

నేను ఆకు వెయ్యను. చేతి వెనకతో తుడుచుకున్నాను. చేతికి ఏమీ అంటలేదు. ఎండకు తల తిరిగిందనుకుని నీళ్ళు తాగి ఊరుకున్నాను.

కొన్నాళ్ళకు ప్రదీపు సినిమా పూర్తిచేసి, ముందు మాకే చూపిస్తానని వచ్చాడు. పొద్దు వాలగానే షెల్టరు గోడకు తెల్ల దుప్పటి కట్టారు. చెంగమ్మ కొత్త చీర కట్టుకుని ముందు కుర్చీలో కూర్చుంది. మిగతావాళ్ళం నేల మీద. నేను అందరికంటే వెనక, కనబడితే కనబడనీ లేకపోతే మానీ అన్నట్టు కూర్చున్నాను.

మొదట్లో పిశాచి వెనక నుంచే కనిపించింది. నడక చెంగమ్మదే. ఆమె కుడి కాలు కొంచెం ఈడుస్తుంది. కుర్రాళ్ళు ఈలలు వేశారు. ఆమె మొగుడైతే, "ఇంట్లో రోజూ చూసేదేలే" అని అందరినీ నవ్వించాడు.

తరవాత ఆ సీను వచ్చింది. తెల్లచీర ముసలమ్మ మెట్లెక్కి పైకి వస్తుంది. ఆగుతుంది. మెల్లగా ఇటు తిరిగి నోరు తెరుస్తుంది.

తిరిగిన ముఖం నాది.

పోలిక అనుకోకండి. నా ఎడమ చెవి తమ్మె తెగి రెండుగా ఉంటుంది, చిన్నప్పుడు కమ్మ వలకు తగులుకుని తెగింది. దుప్పటి మీద ఆ చెవి అంత పెద్దదిగా కనిపించింది. చెంగమ్మ చెవులు నిండుగా ఉంటాయి. నుదుటి మీద గీతలు నావి. కింది పెదవి మీద మచ్చ నాది. చీర మాత్రం నేనెప్పుడూ ముట్టని సినిమా చీర.

పిల్లలు కెవ్వుమన్నారు. ఎవరో, "అది మస్తానమ్మవ్వ గదరా!" అని అరిచారు. మస్తానమ్మ నేనే. తల్లుల చంకల్లో పిల్లలు తెర వైపు చూసి, వెనక్కి తిరిగి నన్ను చూసి ఏడ్చారు. ఆ ముఖం కింద అక్షరాలు పడ్డాయి. కూడబలుక్కుని చదివాను. చెంగమ్మ అని ఉంది.

నిజం చెబుతాను. భయం కంటే ముందు నాకు సంతోషం వేసింది. ఆ కళ్ళలో ఆకలి చూసి మగవాళ్ళు కూడా గొంతు సవరించుకున్నారు. ఆ చూపు ఎవరిదో నాకు తెలుసు. చెంగమ్మ పులుసును నలుగురూ మెచ్చుకుంటున్నప్పుడు నేను చూసే చూపే అది.

చెంగమ్మ కుర్చీలోంచి లేచి నా దగ్గరికి వచ్చింది. అరవలేదు. "నా వంతులో వల ఏసినావు గదక్కా" అంది.

ప్రదీపు తెల్లబోయాడు. కంప్యూటరు తెరిచి, ఆ రోజు కెమెరాలో పడింది పడినట్టే చూపించాడు. అందులోనూ నేనే. "నేనే తీసినానవ్వా. నా ముందర నిలబడింది చెంగమ్మవ్వే. పొద్దుట్నించీ నవ్వతానే ఉండి, ఉన్నట్టుండి ఒక్కసారిగా అట్టా చూసింది. అందరం జడుసుకున్నాం" అన్నాడు.

"చేసింది నేనే. నోట్లో ఆ పాకం తీపి కూడా గురుతుండాది. ముఖం మాత్రం ఈమెది పడింది. ఏం చేసినావో చెప్పక్కా" అని చెంగమ్మ పట్టుబట్టింది.

మర్నాడు పెద్దలు కూర్చున్నారు. తప్పు నాదని తేలితే నా కొడుకు వంతు పోతుంది. ఏడాది పాటు ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? అది ఒక్కటే కాదు, చెంగమ్మ నాతో మాట మానేస్తుంది. నా మొగుడు పోయినప్పుడు ఏడవడానికి వచ్చిన ఆడవాళ్ళంతా వెళ్ళిపోయాక నా పక్కన పడుకున్నది ఆమె ఒక్కతే. ఆమెను చూసి కుళ్ళుకునేది నేనే, ఆమె లేకపోతే కూడు సహించనిదీ నేనే.

రమణమ్మను పిలిపించారు. ఆ రోజంతా నేను సంతలోనే ఉన్నానని, నీడ కోసం తన జుట్టు కూడా పట్టుకోబోయానని ఆమె చెప్పింది. పెదాల సంగతి ఆమె చెప్పలేదు. నేనూ గుర్తు చేయలేదు.

"మనిషి ఒకటే, రెండు చోట్ల ఎట్టా ఉంటది? అయినా చెంగమ్మ మనసు కుదుటపడాల. నీళ్ళలో దిగి గంగమ్మ సాచ్చిగా చెప్పుమే" అన్నాడు కోటయ్య మామ.

మోకాలి లోతు నీళ్ళలో దిగాను. పల్లెంతా గట్టు మీద నిలబడింది. అప్పుడు నా నాలుక చివర ఇంకొక మాట ఉంది. "అది నేనే" అనాలని ఉంది. కొడుకు వంతు పోతే పోనీ, ఆ ముఖం నాది, ఆ చూపు నాది అని అరవాలని ఉంది. నా జన్మలో నన్ను అంతమంది చూసింది అదొక్కసారే.

దోసిట్లో నీళ్ళు తీసుకున్నాను. "చెంగమ్మ వంతులో నేను దిగలేదు. ఆ బొమ్మలో ఉన్నది నేను కాదు" అని అందరికీ వినబడేలా చెప్పి నీళ్ళు వదిలాను.

చెంగమ్మ చీర తడుస్తున్నా నీళ్ళలోకి వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. "రాక్కా, వణకతా ఉండావు. ఇంటికాడ పులుసుంది, తిందువుగాని" అంది. వెళ్ళి తిన్నాను. బాగుంది. ఎప్పుడూ బాగానే ఉంటుంది.

ప్రదీపు ఆ సీను తీసేయలేదు. అది లేకపోతే సినిమానే లేదన్నాడు. ఇప్పుడు అందరి ఫోన్లలోనూ ఉంది. సూళ్ళూరుపేట సంతలో నన్ను చూసి ఆగేవాళ్ళున్నారు. నేను కాదు, మా తోడికోడలు అని చెప్పి పంపిస్తాను. ప్రమాణం చేశాను కదా.

చేసింది దొంగ ప్రమాణం కాదు. ఆ పగలు నేను సంతలో ఉన్న మాట నిజం. తెర మీది ముఖం నాదన్నదీ నిజం. ఈ రెండూ ఎలా పొసగుతాయో ఎంత ఆలోచించినా నాకు అందలేదు. చెంగమ్మ మీద ఇప్పుడు నాకు కుళ్ళు లేదు. అదంతా ఆ తెల్లచీర మనిషి మీదికి పోయింది. నేను నీళ్ళలో నిలబడి కాదని చెప్పుకుంటుంటే, ఆమె నా ముఖం పెట్టుకుని లోకమంతా తిరుగుతోంది. ఆమె దయ్యమని మాత్రం నేను అనను. దయ్యమైతే భయం వెయ్యాలి. నాకు భయం లేదు, కడుపుమంటే ఉంది.